మారు అడగని ఇల్లు

సారథి ఇంట్లో 'మారు' అన్న మాట వినపడక చాలా ఏళ్ళయింది.

అంతకుముందు ఆ ఇల్లు అలాంటిది కాదు. సారథి తల్లి బతికున్న రోజుల్లో మారు వడ్డించుకోకుండా కంచం ముందునుంచి లేవడమంటే చిన్న నేరం కాదు. ఒక్క వడ్డనతో లేచిపోవడం అశుభమని ఆవిడ నమ్మకం. ఆకలి లేకపోతే నాలుగు మెతుకులైనా వేయించుకుని తీరాలి. ఇంటికొచ్చిన చుట్టాలు బెల్టు కాస్త వదులు చేసుకుని మరీ ఆవిడ మాట నిలబెట్టేవారు. అలాంటి ఇంట్లో సారథి కూతురు మేదిని పుట్టింది.

మేదినికి ఆకలి తీరదు. గారాబం పిల్లల పేచీ కాదు, నిజంగానే తీరదు. ఒంట్లో సరిపడా తిండి చేరిందని మెదడుకి కబురు వెళ్తుంది. ఆ కబురు అందుకుని 'ఇక చాల్లే' అని చెప్పడానికి అక్కడొక రిసెప్టర్ ఉంటుంది. మేదిని జన్యువుల్లో ఒక్క అక్షరం తప్పు పడటంవల్ల ఆ రిసెప్టర్‌కి చెవుడు. కబురొస్తుంది, వినపడదు. అందుకని ఆ పిల్ల పచ్చి పిండి తింది, వీధికుక్క ముందు పెట్టిన అన్నం తింది, బడిలో తోటిపిల్లల డబ్బాలు ఖాళీ చేసి తన్నులు తింది. ఓ పుట్టినరోజున కేకు కోసి మొదటి ముక్క అమ్మ నోట్లో పెట్టమంటే, చెయ్యి సగం దూరం వచ్చి వెనక్కి తిరిగి తన నోట్లోకే వెళ్ళిపోయింది. అందరూ నవ్వారు. పిల్ల నములుతూనే ఏడ్చింది. ఏడేళ్ళు వచ్చేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇలాగే ఉంటే గుండె ఎక్కువకాలం మొయ్యలేదని డాక్టర్లు మొహంమీదే చెప్పారు. ఫ్రిజ్‌కి తాళం పడింది, వంటింటికి తాళం పడింది. ఆ తాళంచెవులు తల్లి సువర్చల మంగళసూత్రం గొలుసుకి తగిలించుకుంది. 'మారు' అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు.

సువర్చల విశాఖపట్నంలో, మధురవాడ అవతల కొండవాలులో ఉన్న ఒక పరిశోధనాలయంలో పెప్టైడ్లు తయారుచేస్తుంది. అమైనో ఆమ్లాలను దండలా గుచ్చి, ఆ దండని వంచి ముడేసి, ఒక రిసెప్టర్‌కి తాళంచెవిలా అమిరేట్టు చెయ్యడం ఆవిడ పని. ఊరికే ఆకలి తగ్గించడం పెద్ద కష్టం కాదు. కానీ అచ్చం ఆ చెవిటి రిసెప్టర్‌లాంటివే ఒంట్లో మరో నాలుగున్నాయి. ఒక తాళం తియ్యబోతే మిగతా నాలుగూ తెరుచుకుంటాయి. మొదట చేసిన పెప్టైడ్ చర్మానికి రంగునిచ్చే తాళాన్ని కూడా తెరిచేసింది. పరీక్షకి ఒప్పుకుని వచ్చిన ఒకాయన నెల తిరిగేసరికి బొగ్గులా నిగనిగలాడిపోయాడు. పెళ్ళిచూపులకి పాత ఫోటో పట్టుకెళ్ళి అక్కడ మాటపడ్డాడని లాబ్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. సువర్చల నవ్వలేదు. మళ్ళీ మొదట్నుంచి గుచ్చింది. పండగలూ పబ్బాలూ మర్చిపోయి, తన పిల్ల పేరు పైకి అనకుండా, పిల్లకోసమే గుచ్చింది. చివరికి ఒకే ఒక్క తాళం తీసే దండ దొరికింది. మిగతా నాలుగింటినీ అది ముట్టుకోదు. ఒక్క సూది వేస్తే ఆరు వారాలు పనిచేస్తుంది.

ఆస్పత్రిలో పరీక్షలు నడిపేది డాక్టర్ ఇస్మాయిల్. మేదినిలాంటి పిల్లలు మరో ఆరుగురు దొరికారు. అన్ని అనుమతులూ వచ్చాయి. ఒక్క చిక్కు మిగిలింది. తిన్న ప్రతిసారీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి. పైనుంచి వచ్చిన తెలుగు అనువాదంలో అది 'మీ ఆహార సంతృప్తి స్థాయి ఎంత?' అని ఉంది.

"ఇదెవరికి అర్థమవుతుంది మేడమ్? నాకే కాలేదు," అన్నాడు ఇస్మాయిల్.

సువర్చలకి నవ్వొచ్చింది. "మన ఇళ్ళల్లో ఏమంటాం డాక్టరుగారూ? కడుపు నిండిందా అంటాం. అదే అడగండి."

బాగుందన్నాడాయన. అలాగే అడిగారు.

సూది పడిన నాలుగోనాడు సారథి వంకాయకూర వండాడు. పోర్టులో ఉద్యోగం అతనిది, ఇంట్లో వంట కూడా అతనిదే. మేదిని కంచంలో కొలిచినట్టు అన్నం పెట్టి, ఎప్పటిలా వంటింటి తలుపు వేసెయ్యబోయాడు. పిల్ల నిదానంగా తింది. వేళ్ళు నాకలేదు. కంచం పక్కకి జరిపి కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది. సారథి నోట్లోంచి తల్లి మాట దానంతటదే జారిపోయింది. "మారు వెయ్యనా?"

అన్నాక భయంతో భార్యవైపు చూశాడు.

"చాలు నాన్నా," అంది మేదిని.

ఆ మాట ఆ పిల్ల నోట వినడం వాళ్ళకి అదే మొదలు. సువర్చల పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెళ్ళినంత వేగంగానూ వెనక్కొచ్చి, గొలుసుకున్న తాళంచెవులు తీసి అలమరలో పడేసింది. మెడ తేలికైంది. ఆ వారమంతా ఏ పని చేస్తున్నా చెయ్యి గొలుసుమీదికి పోయి, అక్కడ తాళంచెవులు లేవని తెలిసి, ఒంటరిగా నవ్వుకునేది.

పిల్ల బరువు తగ్గింది. ఆయాసం పోయింది. ఆస్పత్రిలో కడుపు నిండిందా అని అడిగితే నిండిందంటుంది. ఏడుగురు పిల్లలూ అదే మాట. లాబ్‌లో స్వీట్లు పంచారు.

రెండో సూది పడ్డాక సువర్చల ఒక మీటింగుకి పుణె వెళ్ళి వారం ఉండి వచ్చింది. ఆమె ఎన్నడూ పిల్లని వదిలి అన్నాళ్ళుండలేదు. ఇదివరకైతే మేదిని గుమ్మంలోనే బ్యాగు లాక్కుని, తినేవి వెతికి, తిన్నాక తల్లి మెడ పట్టుకుని వేలాడేది. ఈసారి సోఫాలోంచి తలెత్తి చూసి చిన్నగా నవ్వింది.

"వచ్చావా అమ్మా."

"నేను లేకపోతే బెంగ పెట్టుకోలేదుటే?"

"లేదు. నిండుగా ఉంది కదా."

ఏం నిండుగా ఉందే అని అడగబోయింది సువర్చల. పెద్దదవుతోంది, ఆరిందాలా మాట్లాడుతోందిలే అని ఊరుకుంది. తల్లి మనసు తనకి అనుకూలంగా ఎన్ని లెక్కలైనా వేసుకుంటుంది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే ముగ్గురూ భీమిలి వెళ్ళారు. మేదినికి కెరటాలంటే ప్రాణం. పాదాలు తడిసేదాకా వెళ్ళి, కెవ్వుమని వెనక్కి పరిగెత్తడం ఆమె ఆట. సారథి బజ్జీలు కొనడానికి వెళ్ళాడు. సువర్చల దుప్పటి పరుస్తోంది. తలెత్తి చూసేసరికి పిల్ల మోకాళ్ళ లోతులో నిలబడి ఉంది. ఒక కెరటం ఎడమకాలి చెప్పు లాక్కుపోయింది. అది కళ్ళముందే తేలుతూ పోతున్నా మేదిని వంగలేదు. మరో కెరటం నడుముదాకా వచ్చింది. పిల్ల ముందుకి వెళ్ళడం లేదు, వెనక్కి రావడం లేదు. సముద్రం ఎంత దూరం తీసుకెళ్తే అంత దూరం వెళ్ళడానికి అభ్యంతరం లేనట్టు నిలబడింది.

"మేదూ, వెనక్కి రా."

విన్నది. తల తిప్పి చూసి నవ్వింది కూడా. రాలేదు.

వల సర్దుకుంటున్న మత్స్యకారుడొకడు పరిగెత్తుకెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. "ఏటమ్మా, పాపనలగ ఒగ్గేసినారు? ఈ పక్క లాగుడెక్కువ," అని కసిరాడు.

సువర్చల పిల్ల భుజాలు పట్టుకుని కుదిపింది. "పిలిస్తే ఎందుకు రాలేదు? చచ్చిపోయేదానివి కదే."

"అక్కడ కూడా బాగానే ఉందమ్మా," అంది మేదిని. ఒళ్ళు వణుకుతోంది, మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

"చెప్పు పోతోంటే పట్టుకోవాలనిపించలేదా?"

మేదిని ఆలోచించింది. లెక్కల మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకుతున్నట్టు చాలాసేపు ఆలోచించి, "అనిపించడం ఎలా ఉంటుందో గుర్తుంది," అంది. "కానీ కడుపు నిండిపోయింది."

అప్పటికి వాళ్ళింకా ఏమీ తినలేదు. బజ్జీల పొట్లం అప్పుడే తిరిగొచ్చిన సారథి చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చే దారంతా సువర్చల చెవుల్లో ఒక్క మాటే తిరిగింది. కడుపు నిండింది. ఆ మాట తనే ఇచ్చింది. మనవాళ్ళు ఆ మాట అన్నం తిన్నప్పుడే అంటారా? పిల్లలు చల్లగా ఉంటే చూసి కడుపు నిండిందంటారు. మంచి మాట చెవిన పడితే అంటారు. ఇక ఈ జన్మకేమీ అక్కర్లేదనిపించినప్పుడు కూడా అదే మాట అంటారు. ఏడుగురు పిల్లలు నెలల తరబడి నిజమే చెబుతూ వచ్చారు. వినేవాళ్ళు పొట్ట గురించి అనుకున్నారు.

మర్నాడు లాబ్‌కి వెళ్ళగానే ఈనిన ఎలుకలున్న గదిలోకి వెళ్ళింది. ఆ మందు వాడిన ఎలుకలు గొడవ చెయ్యవనీ, పెట్టె తెరిస్తే మీదికి రావనీ అందరూ మెచ్చుకునేవారు. అదెందుకో ఎవరూ ఆలోచించలేదు. ముందు మందు వెయ్యని తల్లి ఎలుక పెట్టెలో పిల్లల్ని తీసి నాలుగు మూలలా పెట్టింది. తల్లి ఒక్క ఉదుటున లేచి, ఒక్కొక్కదాన్నే నోట కరుచుకొచ్చి గూట్లో చేర్చుకుంది. తర్వాత మందు వేసిన తల్లి దగ్గర అలాగే చేసింది. అది కదల్లేదు. పిల్లలు గుడ్డిగా పాకుతున్నాయి.

ఎలుకపిల్లల ఏడుపు మనిషి చెవికి అందదు. దాన్ని అందేలా మార్చే పరికరం గదిలోనే ఉంది. సువర్చల మీట నొక్కింది. గదంతా కీచుమని ఏడుపు నిండిపోయింది. తల్లి ఎలుక చెవులు కదిలాయి. అంటే వినపడుతోంది. విని, ముందుకాళ్ళతో మీసాలు దువ్వుకుంది. దాని చన్నులు పాలతో బిర్రుగా ఉన్నాయి.

సువర్చల ఆ ఏడుపు వింటూ చాలాసేపు నిలబడింది. ఒకే ఒక్క తాళం తీసే తాళంచెవి కోసం ఆవిడ ఇన్నేళ్ళు కష్టపడింది. అది ఆ ఒక్కటే తీసింది, తప్పు చెయ్యలేదు. ఆ తాళం అన్నంగదిది ఒక్కటే అనుకోవడం ఆవిడ చేసిన పొరపాటు. అమ్మ కావాలన్నా, ఆట కావాలన్నా, ఒడ్డు కావాలన్నా అన్నిటికీ దారి ఆ గదిలోంచే ఉంది.

ఇస్మాయిల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రిపోర్టులన్నీ అద్దంలా ఉన్నాయి మేడమ్. మీరు చెప్పేదాన్ని ఏం కొలిచి రాయమంటారు? మిగతా ఆరిళ్ళకీ ఫోన్ చేస్తాను." సాయంత్రానికి చేసి మళ్ళీ మాట్లాడాడు. "ఎవరూ సూది ఆపడానికి ఒప్పుకోవడం లేదు. పిల్లలు బంగారమైపోయారట. ఏదీ అడగరట, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటారట. ఒకావిడైతే వాళ్ళబ్బాయి ఇంట్లో ఉన్నాడన్న సంగతే మర్చిపోతున్నానని నవ్వుతూ చెప్పింది. శుక్రవారం మూడో సూది. మేదిని సంగతి మీరే తేల్చుకోవాలి."

తేల్చుకోవడం అంత తేలికా? సూది మానేస్తే ఆకలి వస్తుంది, దానితోపాటు ఆయాసం, తాళాలు, తన్నులు, పాతికేళ్ళైనా నిండని బతుకు. వేయిస్తే పిల్ల నూరేళ్ళు బతుకుతుంది. బతికేది మేదినేనా అన్నదే ప్రశ్న. ఆ నవ్వు వెనక ఎక్కడో తన కూతురు తలుపులు బాదుతూ ఉంటే? లేక నిజంగానే అంత సుఖంగా ఉంటే, తన బెంగకోసం దాన్ని మళ్ళీ ఆకలిలోకి లాగడానికి తనెవరు? పిల్లని అడిగితే నిండిందంటుంది. ఆ మాటని ఇక నమ్మలేదు.

ఆ సాయంత్రమే మిగతా వారానికి లాబ్‌లో సెలవు పెట్టి, ఒక సూదిమందు సీసా ఇంటికి తెచ్చుకుంది.

"లోపలేముందో నేను చూసొస్తానండీ," అంది భర్తతో.

ఎలుకల సంగతంతా అప్పటికే విన్న సారథి సీసా లాక్కోబోయాడు. "మతిపోయిందా సువర్చలా? దాన్ని పోగొట్టుకున్నది చాలక నిన్ను కూడానా?"

"నాది ఆరోగ్యమైన మెదడు. ఆరు వారాలకి మందు దిగిపోతుంది. నేను తప్ప దాన్ని చూసొచ్చి చెప్పగలిగేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

"చూసొచ్చి నువ్వు కూడా బావుందంటే?"

ఆ ప్రశ్నకోసమే ఎదురుచూస్తున్నట్టు సువర్చల అతని చెయ్యి పట్టుకుంది. "అంటాను. అందుకే చెబుతున్నాను వినండి. గురువారం గోంగూర పచ్చడి చెయ్యండి, ఉల్లిపాయ వేసి. పుట్టి బుద్ధెరిగాక గోంగూరకి నేను మారు అడక్కుండా లేచింది లేదు. ఆవేళ మీరు మారు వెయ్యనా అనండి. వెయ్యమన్నానా, అందులో ఇంకా నేనున్నట్టు. పిల్లకి సూది వేయించండి. వద్దంటే మాత్రం, ఇక నేనేం చెప్పినా వినకండి. ఏడ్చినా, నవ్వినా, సైన్సు చెప్పినా వినకండి."

సారథి చాలాసేపు కాదన్నాడు. చివరికి సూది అతనే వేశాడు.

అది రావడం సువర్చలకి తెలియలేదు. మంగళవారం పొద్దున్న కాఫీ సగం తాగి పక్కన పెట్టింది. మధ్యాహ్నం చెయ్యి గొలుసుమీదికి వెళ్ళలేదు. బుధవారానికి ఎదలో ఏదో లేదనిపించింది. మేదిని పుట్టిన రోజునుంచీ అక్కడొక భయం ఉండేది, నిద్రలో కూడా ఉండేది. అది పోయింది. ఎక్కడికి పోయిందని ఆమె వెతకలేదు. లోపల తలుపులు బాదేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని, తను వచ్చిన పని గుర్తుచేసుకుని చెవి ఒగ్గి విన్నది. ఎవరూ లేరు. ఏడుపు లేదు. 'తర్వాత' అనే మాటకి అర్థం తెలుసు, దానితో పనేమిటో కనిపించలేదు. ఎండ గోడమీద పడింది, గోడమీంచి జరిగింది. తల్లీకూతుళ్ళిద్దరూ సోఫాలో పక్కపక్కనే కూర్చుని దాన్ని చూశారు. ఇద్దరికీ ఏ లోటూ లేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

గురువారం సారథి గోంగూర కలిపి పెట్టాడు. పచ్చడి బాగుంది. సువర్చల కంచం ఖాళీ చేసింది.

"మారు వెయ్యనా?" అన్నాడు.

అదెందుకు అడుగుతున్నాడో సువర్చలకి స్పష్టంగా గుర్తుంది. ప్రతి మాటా గుర్తుంది. వెయ్యమంటే ఏమవుతుందో, వద్దంటే ఏమవుతుందో తెలుసు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"చాలండీ," అంది.

సారథి గరిటె కింద పెట్టాడు. కాసేపటికి మొహం తుడుచుకుని, "మేదినికి రేపు సూది వేయించనా?" అని అడిగాడు, ఒక్క ఆశతో.

"వేయించండి. బాగుంటుంది. దాన్ని ఆకలికి ఒప్పజెప్పడం న్యాయం కాదు," అంది సువర్చల. మంచి గొంతుతో, కారణాలతో సహా చెప్పింది. అన్నీ నిజాలే.

అతను వినలేదు. ఇస్మాయిల్‌కి ఫోన్ చేసి రేపు సూదికి రామని చెప్పాడు. భర్త గోడకి తలానించి ఏడుస్తుంటే ఆమె చూసింది. అతనికి ఏదో కావాలి కాబోలు అనుకుంది.

రోజులు గడిచాయి. సారథి రోజూ రెండు పూటలా ముగ్గురికీ వడ్డించి, ఇద్దరినీ మారు వెయ్యనా అని అడిగేవాడు. చాలు అనేది ఒకరు. చాలు అనేది ఇంకొకరు. తను మాత్రం మారు వడ్డించుకుని, ఒక్కడే మింగలేక మింగేవాడు.

ఒక మధ్యాహ్నం సెలవుపూట, చారన్నం ముందు కూర్చున్న మేదిని తలెత్తి అటూ ఇటూ చూసింది. "నాన్నా, నా చెప్పు ఏదీ?"

"ఏ చెప్పమ్మా?"

"ఎడమది. సముద్రం తీసుకుపోయింది. నాకది కావాలి," అంటూ పెదవి వంచింది. అంతలో కంచంవైపు చూసి, చటుక్కున రెండు చేతులా అన్నం కుక్కుకోవడం మొదలుపెట్టింది. కంచం ఖాళీ అయింది. "మారు," అంది భయపడుతూ. "నాన్నా, మారు. మళ్ళీ వచ్చేసింది నాన్నా."

సారథి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. ముందు లేచి వెళ్ళి అలమరలోంచి తాళంచెవులు తీశాడు. ఫ్రిజ్‌కి తాళం వేసి, వాటిని తన మొలతాడుకి కట్టుకున్నాడు. తర్వాత వచ్చి పిల్ల కంచంలో గుప్పెడన్నం, గోంగూర వేశాడు.

"అమ్మా, నన్ను పట్టుకో. ఆకలేస్తోంది. భయమేస్తోంది," అంది మేదిని.

"ఇక్కడే ఉన్నాను కదమ్మా," అంది సువర్చల. పిల్ల ఏడుస్తోందని ఆమెకి వినపడుతూనే ఉంది. తన రక్తంలో మందు దిగడానికి ఇంకా వారాలున్నాయనీ తెలుసు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, అక్కడ బాగానే ఉన్నాయి.

"అమ్మా, నేను నీకక్కర్లేదా?"

"నిండుగా ఉంది మేదూ."

పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో ఆ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు. తల్లి మొహంలోకి దగ్గరగా వంగి చూసింది.

"అక్కడ బాగుంటుంది కదమ్మా," అంది మెల్లగా. "కానీ అక్కడ ఎవరూ ఉండరు."

మేదిని తన కంచంలోకి చూసుకుంది. కొద్దిగానే ఉంది అన్నం. గోంగూర కలిపి ముద్ద చేసింది. ఆ ముద్దమీంచి చూపు తిప్పుకోలేక గుటకలు మింగింది. చెయ్యి లేచింది. సగం దూరం వచ్చి ఆగింది. మోచెయ్యి తనవైపు ముడుచుకోబోయింది. పిల్ల రెండో చేత్తో తన మణికట్టునే పట్టుకుని, బలవంతంగా ముందుకి తోసి, ఆ ముద్ద తల్లి నోట్లో పెట్టింది.

సువర్చల నమిలింది. పులుపు తెలిసింది, ఉల్లిపాయ తెలిసింది. మింగింది.

"మారు పెట్టనా అమ్మా?" అంది మేదిని, కంచంలో మిగిలిన రెండు వేళ్ళకొచ్చేటంత అన్నం గబగబా పోగుచేస్తూ.

సువర్చల చాలు అనలేదు. కావాలో వద్దో ఆమెకే తెలియలేదు. నోరు మాత్రం తెరిచే ఉంచింది.